బాలింతల వార్డులో ఆశ్రయపురం

మీలా నర్సింగు చదువుకుంటున్న అమ్మాయిలు మా ఇంటికొస్తే, "మీరు బతికించిన పెద్ద కేసు ఒకటి చెప్పండాంటీ" అంటారు. అలాంటివి చెప్పుకోవడానికి లేకపోలేదు. కానీ నా ఉద్యోగమంతటిలోకీ బాగా గుర్తుండిపోయిన రోజున మేము వైద్యంతో ఎవరినీ బతికించలేదు. ఒక మనిషిని దాచిపెట్టాం. అది కూడా ముందూవెనకా చూసుకోకుండా, ఉన్న గదులన్నిటిలోకీ దాచకూడని గదిలో. రేపు మీరు తెల్లబట్టలు వేసుకుని ఏదో ఒక వార్డులో నిలబడతారు కాబట్టి ఆ రోజు సంగతి మీకు చెప్పాలనిపిస్తుంది.

నేను పనిచేసింది భిలాయిలో, క్యాంప్ 2 అనే కార్మికుల పేట అంచున ఉండే ఓ చిన్న ఆసుపత్రిలో. ఇప్పుడది లేదు, ఆ స్థలంలో సెల్‌ఫోన్ల దుకాణాలు వచ్చాయి. కింద ఓపీ, గాయాలకు కట్లు కట్టే గది. పైన ఆపరేషన్ థియేటరు, కాన్పుల గది, వరండా చివర బాలింతల వార్డు. అంతే ఆసుపత్రి. దాన్ని నడిపిన పెద్ద డాక్టరమ్మకు కోపమూ నవ్వూ ఒకేసారి వచ్చేవి. పొద్దున్నే కిటికీ అంచులు తుడిస్తే మధ్యాహ్నానికి మళ్ళీ ఉక్కు ఫ్యాక్టరీ ఎర్రటి ధూళి పట్టేది. కొత్త నర్సులు విసుక్కుంటే, "ఆ ధూళి ఆగిపోయిన రోజు ఈ ఊళ్ళో ఎవరింట్లోనూ పొయ్యి వెలగదు, తుడవండి" అనేది ఆవిడ.

నేను విజయనగరం పక్క నుంచి పెళ్ళయి భిలాయి వచ్చినదాన్ని. నాకు హిందీ నేర్పింది రోగులే. అందుకే ఈ రోజుకీ నా హిందీలో నొప్పులకూ జ్వరాలకూ ఉన్నన్ని మాటలు సంతోషాలకు లేవు.

బాలింతల వార్డు దగ్గర ఒక ముసలి ఆయా ఉండేది. ఛత్తీస్‌గఢీ మనిషి. అందరం ఆమెను దాయి, అంటే అమ్మ, అని పిలిచేవాళ్ళం. గుడాఖు అనే పొగాకు ముద్దతో పళ్ళు తోముకుంటూ వార్డు గుమ్మంలో కూర్చునేది. లోపలికి మగవాళ్ళు రాకూడదని గోడ మీద ఎక్కడా రాసి లేదు. దాయి ఉండగా రాయాల్సిన అవసరం రాలేదు. తండ్రులైనా తాతలైనా సరే, బిడ్డను గుమ్మం దాకా తెచ్చి చూపించేవాళ్ళం. చూసుకుని వెళ్ళిపోవాల్సిందే.

ఆ వారం నా బుర్రంతా వేరే పనిలో ఉంది. మా సంఘంలో ఆదివారం స్త్రీల సమాజానికి నన్ను మాట్లాడమని పాస్టరమ్మగారు అడిగారు. బైబిల్లోని కోటలు, ఆశ్రయస్థానాలు అన్నది అంశం. నాకు మాట్లాడటం రాదు గానీ చదవడం ఇష్టం. డ్యూటీలో ఖాళీ దొరికినప్పుడల్లా ఒక్కొక్క చోటునూ మనసులో పేర్చుకుంటున్నాను. దావీదు తలదాచుకున్న అదుల్లాము గుహ. రాహాబు తన మిద్దె మీద జనుపకట్టె కింద ఇద్దరు మనుషులను దాచిన సంగతి. తేబేసు గోపురం మీది నుంచి ఒక ఆడమనిషి తిరుగటి రాయి ఎత్తి శత్రువు తల మీద పడేసిన సంగతి. అది చదివినప్పుడు నాకు మా దాయి గుర్తొచ్చి నవ్వుకున్నాను. కాపాడని చోట్లు కూడా ఉన్నాయి. షెకెము గోపురంలో దాక్కున్నవాళ్ళను గోపురంతో సహా తగలబెట్టేశారు. యోవాబు బలిపీఠం కొమ్ములు పట్టుకున్నా అతన్ని చంపకుండా వదల్లేదు.

అన్నిటికన్నా నాకు నచ్చినవి ఆరు ఆశ్రయపురాలు. పగ ఏమీ లేకుండా, తెలియక, ఒకడి చేతిలో ఇంకొకడు చచ్చిపోతే, వాడు ఆ ఊళ్ళలో ఒకదానికి పరుగెత్తవచ్చు. ఊరి ద్వారం దగ్గర నిలబడి జరిగింది పెద్దలకు చెప్పుకోవాలి. వాళ్ళు విని లోపలికి తీసుకోవాలి. వెనక తరుముకొచ్చే బంధువు చేతికి అప్పగించకూడదు. ఆదివారం దీన్ని ఎలా చెప్పాలా అని ఆలోచిస్తుండగానే ఆ రోజు వచ్చింది.

ఉదయం పూట. కింద గాయాల గదిలో చేసే సిస్టర్ సెలవులో ఉంటే నన్ను అక్కడ పెట్టారు. బయట కేకలు వినిపించి తలెత్తేసరికి, మాకు ఆక్సిజన్ సిలిండర్లు తెచ్చే బండి కుర్రాడు రెండు చేతుల మీదా ఒక ముసలాయన్ను ఎత్తుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. క్యాంప్ 1లో పుట్టి పెరిగిన తెలుగు కుర్రాడు. తెలుగు కన్నా హిందీ బాగా వచ్చు. వచ్చినప్పుడల్లా "సిస్టర్, మీకు గాలి తెచ్చినాను" అని నవ్వేవాడు. ఆ రోజు అతని చొక్కా అంతా నెత్తురు. కాళ్ళకు చెప్పుల్లేవు.

డాక్టరమ్మ పరుగున వచ్చింది. తలకు దెబ్బ. చేయగలిగిందంతా చేశాం. కొంతసేపటికి డాక్టరమ్మ చేతులు ఆగిపోయాయి. ముసలాయన కళ్ళజోడు జారకుండా తాడు కట్టుకుని ఉన్నాడు. అద్దాలు పగిలాయి గానీ తాడు మెడలో అలాగే ఉంది. నేను ఆయన్ను ముందెప్పుడూ చూడలేదు.

"హారన్ కొట్టినాను సిస్టర్" అన్నాడు ఆ కుర్రాడు. "సచ్చీ, కొట్టినాను. తాత ఇనుంటాడనుకున్నాను. ఏక్‌దమ్ నా బండికి అడ్డంగా తిప్పేసినాడు సైకిలు." అదే మాట మళ్ళీ మళ్ళీ అన్నాడు. పారిపోవాలంటే బండి వదిలి సందుల్లో పడి పోవచ్చు. పోకుండా ఎత్తుకుని తెచ్చాడు. అది మాకు తెలుసు గానీ బయట మూగిన జనానికి తెలియదు. బండి అద్దాలు పగులుతున్న చప్పుడు వినిపించింది. ఎవరో తగలబెట్టమంటున్నారు. బండి నిండా సిలిండర్లు ఉన్నాయి. షెకెము గోపురం నా కళ్ళ ముందుకు వచ్చింది.

డాక్టరమ్మ చేతి తొడుగులు తీసేస్తూ, "పోలీసులకు నేను ఫోన్ చేస్తాను. వాళ్ళొచ్చేదాకా వీణ్ణి ఎక్కడైనా ఉంచు. ఎక్కడో నాకు మాత్రం చెప్పకు. ఎవరైనా అడిగితే తెలియదనాలి, నాకు అబద్ధాలాడటం చేతకాదు" అంది. అని, జనం ముందుకు తానే వెళ్ళింది. బండిలో ఉన్నదేమిటో, అంటుకుంటే ఏమవుతుందో ఆవిడ చెప్పాకే నిప్పు మాట ఆగింది.

నేను అతన్ని మెట్లెక్కించాను. మందుల గదికి గొళ్ళెం సరిగ్గా పడదు. థియేటర్లో ఆపరేషన్‌కు సిద్ధం చేసి ఉంచారు. వరండా చివర దాయి కూర్చుని కనబడింది. ఇంకేమీ ఆలోచించలేదు.

దాయి అతని చొక్కా మీది నెత్తురు చూసింది, నా ముఖం చూసింది. నేను రెండు ముక్కల్లో చెప్పాను. అన్నేళ్ళుగా ఏ మగవాణ్ణీ దాటనివ్వని గుమ్మం నుంచి ఆమె పక్కకు జరిగింది. వార్డు మూలలో పరీక్ష బల్ల దగ్గర ఆకుపచ్చ గుడ్డ తెర ఉండేది. దాని వెనక స్టూలు మీద కూర్చోబెట్టి, భుజాల మీదుగా ఓ దుప్పటి కప్పాను.

తెరకు ఆనుకుని ఉన్న మంచం మీద, ముందురోజు సాయంత్రం కాన్పయిన అమ్మాయి ఉంది. ఆడపిల్ల పుట్టింది. వాళ్ళది శ్రీకాకుళం వైపు, ఇక్కడే స్థిరపడిన కుటుంబం. తల్లి లేదు. నేను వెళ్ళిపోబోతుంటే ఆ అమ్మాయి పిలిచింది.

"సిస్టరమ్మా, మా నాన్న కారియరు అట్టుకొస్తానన్నాడు. ఇంకా రాలేదేటి? కిందేటైనా ఆపీసినారా?"

"వస్తారులేమ్మా, కింద కాస్త గొడవగా ఉంది" అన్నాను. నిజంగా అంతే అనుకుని అన్నాను. ముందురోజు ఆయన మనవరాలిని చూడటానికి వచ్చినప్పుడు నేను డ్యూటీలో లేను.

కిందికి వచ్చేసరికి చనిపోయినాయన కొడుకు వచ్చేశాడు. ఏదో వర్క్‌షాపులో పని మధ్యలో లేచి వచ్చినట్టున్నాడు, చేతిలో ఇనుప కడ్డీ ఉంది. తండ్రి ముఖం మీద గుడ్డ తీసి చూసి, మళ్ళీ కప్పి, "ఎక్కడున్నాడాడు?" అన్నాడు. గట్టిగా అనలేదు. అందుకే నాకు భయమేసింది. డాక్టరమ్మ తెలియదంది. ఆవిడకు అది నిజమే.

అప్పుడే ఎవరో రోడ్డు మీద నుంచి సొట్టపడిన స్టీలు కారియరు తెచ్చి గుమ్మం దగ్గర పెట్టారు. మూత ఊడిపోయింది. లోపల మెత్తగా వండిన పాత బియ్యం అన్నం, వెల్లుల్లి కారం. అది పచ్చి బాలింతకు పెట్టే తిండి. జనంలో ఒకావిడ కళ్ళు తుడుచుకుంటూ, "కూతురి కోసం పొద్దున్నే లేచి సొయంగా వొండినాడు. పైనే ఉంది కదా ఆ పిల్ల" అంది.

నేను పైకి పరుగెత్తాను. మెట్లు ఎలా ఎక్కానో తెలియదు.

వార్డు గుమ్మంలోకి వచ్చేసరికి లోపల మాటలు వినిపిస్తున్నాయి. తెర వెనక కుర్రాడు ఏడుస్తుంటే ఆ అమ్మాయి పలకరించినట్టుంది. ఎవరి తాలూకో బంధువు అనుకుని ఓదారుస్తోంది.

"ఏటయింది భయ్యా? నీకెవులున్నారు ఇక్కడ?"

"ఎవలూ లేరు దీదీ. నా బండి కింద ఒక తాత పడిపోయినాడు."

"బతికినాడా?"

"లేదు." ముక్కు ఎగబీల్చాడు. "హారన్ కొట్టినాను దీదీ. ఆస్పత్రి గేటు కాడ, వెనక నుంచి రైట్ సైడు వొస్తూ కొట్టినాను. తాత ఇనలేదు. సైకిలు గేటువైపుకి తిప్పేసినాడు. కారియరు ఉన్నది హేండిల్‌కి."

ఆమె మోచేతి మీద లేచి తెర వైపు చూసింది. నేను పరుగెత్తి ఆ మాటలు ఆపవలసింది. ఆపలేకపోయాను.

"కళ్ళజోడుకి తాడు కట్టుకున్నాడా?" అని అడిగింది.

"ఆఁ దీదీ."

ఆమె తల తిప్పి నన్ను చూసింది. "సిస్టరమ్మా" అంది. ప్రశ్న కూడా కాదు అది. నేను మంచం అంచున కూర్చుని ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"అవునమ్మా" అన్నాను.

ఆమె అరవలేదు. నోటి మీద చెయ్యి పెట్టుకుంది. పక్కలో పాప కదిలి మళ్ళీ నిద్రపోయింది. తర్వాత, నాతోనూ కాదు, అతనితోనూ కాదు, గోడ వైపు చూస్తూ అంది: "మా నాన్నకి కుడి సెవి ఇనబడదు. సైకిలెక్కొద్దని ఎన్నిసార్లో సెప్పీసినాను."

తెర కింద జానెడు ఖాళీలోంచి అతని ఉత్త పాదాలు కనిపిస్తున్నాయి. ఆ మాటతో అతనికి ఆమె ఎవరో అర్థమైంది. స్టూలు మీంచి జారి నేల మీద కూలబడిపోయాడు.

"ఈ మనిషిని ఇక్కణ్ణించి తీసుకెళ్ళిపోండి సిస్టరమ్మా. నాను ఈ గదిలో ఊపిరి తియ్యలేను."

ఆమె కోరింది న్యాయమే. అయినా నేను నిజం చెప్పక తప్పలేదు. "అమ్మా, బయటికి తీసుకెళితే అతన్ని చంపేస్తారు. ముందున్నది మీ అన్నే."

నేను బైబిలు వాక్యమేదీ చెప్పలేదు, క్షమించమనలేదు. క్షమించమనే హక్కు నాకెక్కడిది? వరండాలో అడుగుల చప్పుడు వినిపించింది. వెంటనే దాయి గొంతు: "ఏతీ కోనో మరద్ నయి ఆవయ్." ఇక్కడికి మగవాడెవడూ రాడని.

"మా సెల్లుంది లోపల" అన్నాడు అన్న. "నాన్న పోయినాడని దానికి నాను సెప్పాల."

మంచం మీది అమ్మాయి కళ్ళు మూసుకుంది. తర్వాత తెరిచింది.

"అయితే ఉండనీయండి" అంది నెమ్మదిగా. "తెర సరిగ్గా లాగండి."

నేను తెర లాగాను. కింది ఖాళీకి అడ్డంగా వెళ్ళి నిలబడ్డాను. దాయికి సైగ చేశాను. ఆమె ఆ అన్న చేతిలోంచి ఇనుప కడ్డీ తీసుకుని, పసిబిడ్డ దగ్గరికి ఇదెందుకని తన భాషలో గొణిగి, గోడకు ఆనించి, అతన్ని లోపలికి వదిలింది.

చెల్లెలి ముఖం చూడగానే అతనికి చెప్పవలసిన అవసరం లేదని తెలిసిపోయింది. మంచం పక్కన నేల మీద కూర్చుండిపోయాడు. అంత పెద్ద మనిషి వెక్కి వెక్కి ఏడ్చాడు. కాసేపటికి, "ఆడు ఈ ఆస్పత్రిలోనే ఉన్నాడంట. దొరికితే వొదల్ను" అన్నాడు.

"అన్నా, నాన్నకి ఆ సెవి ఇనబడదు కదా" అంది ఆమె.

"అయితే ఏటంటావు?"

"ఏటీ అన్ను. పాపని అట్టుకో. నాకు సేతులు వొణుకుతున్నాయి."

అతను పాపను తీసుకున్నాడు. పసిపిల్లల్ని ఎత్తుకోవడం రాదు, మోచేతులు బిగబట్టి పట్టుకున్నాడు. మేనమామ ఒళ్ళో ఆ పాప కళ్ళు తెరిచింది. తెరకు ఇవతల మేము ముగ్గురం, అవతల ఒక మనిషి. ఆ గదిలో ఎవరు గట్టిగా ఊపిరి తీసినా అందరికీ వినిపించేలా ఉంది. నేను మనసులో ప్రార్థన చేద్దామనుకున్నాను గానీ ఒక్క మాటా రాలేదు.

పోలీసులు వచ్చారని కింద నుంచి కబురు వచ్చింది. తండ్రి శవం దగ్గర సంతకాలకు అన్న దిగి వెళ్ళాక, ఇద్దరు కానిస్టేబుళ్ళు వెనక మెట్ల మీదుగా కుర్రాణ్ణి తీసుకెళ్ళారు. అతను మంచం దగ్గర ఆగాడు. ఏదో అనబోయాడు. ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది. అతను చేతులు జోడించి వెళ్ళిపోయాడు.

సాయంత్రం డాక్టరమ్మ, "ఇప్పుడు చెప్పు, ఎక్కడ పెట్టావు?" అని అడిగింది. చెప్పాను. ఆవిడ కుర్చీలో కూలబడింది. "ఎవరి కూతురో కనుక్కోకుండానా?" అంది. కనుక్కోలేదన్నాను. "నువ్వు కనుక్కుని ఉంటే వాడు బతికేవాడు కాదేమో. వెళ్ళి టీ తాగు" అంది.

ఆదివారం స్త్రీల సమాజంలో గుహలూ గోపురాలూ అన్నీ వదిలేసి ఆశ్రయపురాల గురించి మాత్రమే చెప్పాను. ఆ గోడలు ఎంత ఎత్తో గ్రంథంలో లేదు, ద్వారం దగ్గర నిలబడి ఒకడు చెప్పుకుంటే వినే మనుషులు ఉండాలని ఉంది, అన్నాను. ఆసుపత్రి సంగతి ఎత్తలేదు. కూటం అయ్యాక ఓ పెద్దావిడ నా దగ్గరకొచ్చి, "పారిపోయినవాడి సంగతి చెప్పావు, తరిమినవాడి సంగతి చెప్పావు. చచ్చిపోయినవాడి ఇంటి ఆడవాళ్ళ సంగతి ఏటమ్మా? వాళ్ళేమయ్యారు?" అని అడిగింది. ఇంటికెళ్ళి ఆ అధ్యాయాలన్నీ మళ్ళీ చదివాను. వాళ్ళ గురించి ఒక్క ముక్క లేదు.

మా కళ్ళ ముందు ఆ ఆడమనిషికి ఏమైందో మాత్రం నాకు తెలుసు. తండ్రికి ఒక చెవి వినపడదని పోలీసులకు ఆమే చెప్పింది. కోర్టులోనూ అదే చెప్పింది. అన్నకు అది మింగుడుపడలేదు. చాలాకాలం చెల్లెలితో మాటల్లేవు, రాఖీ కట్టించుకోవడానికి కూడా రాలేదు. తర్వాత పాపకు పెద్ద జ్వరం వచ్చినప్పుడు తనంతట తానే వచ్చి మంచం పక్కన కూర్చున్నాడట. ఆ కుర్రాడి మీద కేసు కొన్నేళ్ళు నడిచి తేలిపోయింది. కానీ అతను మళ్ళీ స్టీరింగు పట్టలేదు. వెల్డింగు నేర్చుకుని ఎక్కడో పనిలో కుదిరాడని విన్నాను. దాయి చనిపోయింది. డాక్టరమ్మకు వయసు మీదపడి ఆసుపత్రి మూసేసింది. నేను రిటైరై భిలాయిలోనే మరోదాలో మా అబ్బాయి ఇంట్లో ఉంటున్నాను.

ఈ మధ్య మరోదా బజారులో కూరగాయలు కొంటుంటే, "సిస్టరమ్మా" అని ఎవరో పిలిచారు. తెర పక్క మంచం మీది ఆ అమ్మాయి గొంతు. పక్కన స్కూలు బ్యాగుతో, అప్పటి పాప. పిల్ల నాతో హిందీలో మొదలుపెడితే, "తెలుగులో సెప్పు, అమ్మమ్మకి" అని గదమాయించింది. కాసేపు ధరల గురించి, మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకున్నాం. నేను సెలవు తీసుకోబోతుంటే, ఆమె సంచీ చేయి మార్చుకుని అడిగింది.

"ఓ మాట సెప్పండి సిస్టరమ్మా. ఆ దినం నానక్కడున్నానని తెలిసే ఆడ్ని నా పక్కన ఎట్టినారేటి?"

ఇన్నేళ్ళూ ఆ అనుమానంతో ఉందని నాకు తెలియదు.

"లేదమ్మా. తెలియక పెట్టాను. తెలిసుంటే ఆ గుమ్మం తొక్కనిచ్చేదాన్ని కాదు."

ఆమె తల ఊపింది. "తెలిసి ఎట్టుంటే మిమ్మల్ని మన్నించకపోదును" అంది. ఆ మాటలో కోపం లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పినట్టు చెప్పింది. "తెలీక జరిగినవే కదా అన్నీ. ఆడిదీ అంతే. మా నాన్నదీ అంతే."

రోడ్డు అవతలికి వెళ్ళాలి ఇద్దరమూ. ఆమె కూతురి చెయ్యి పట్టుకుని అంచున ఆగింది. ఇటు చూసింది, అటు చూసింది, మళ్ళీ ఇటు చూసింది. తర్వాత ఖాళీగా ఉన్న రెండో చెయ్యి నాకిచ్చింది. ముగ్గురం కలిసి దాటాం.